ఎర్ర మూత పెట్టిన నంబరు

మా ఊళ్ళో ప్రభుత్వానికి చెవులు పెట్టింది మా అమ్మమ్మ. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. మంత్రులు, పోలీసు అధికారులు, టెలిఫోను కంపెనీ పెద్దలు అందరూ కలిసి ఏళ్ళ తరబడి ఊరివాళ్ళ మాటలు విన్నారంటే అది వాళ్ళ గొప్పేం కాదు. మా అమ్మమ్మ స్టూలెక్కి, పళ్ళ మధ్య తీగ ముక్క పట్టుకుని, చేతిలో పనిముట్టుతో టక్కుమని ఒక్క నొక్కు నొక్కబట్టే వాళ్ళకి వినపడింది. ఆ రోజు ఆవిడకి జ్వరమొచ్చి సెలవు పెట్టి ఉంటే ప్రభుత్వానికి బ్రహ్మచెముడే. ఇంత ఘనురాలు ఇంట్లో మాత్రం నేను నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకదు. "వినపడలేదే" అంటుంది.

ఆవిడ పనిచేసింది టెలిఫోను కంపెనీ ఫ్రేము గదిలో. నేను పదో తరగతిలో రెండుసార్లు బోల్తాపడి, బడికో నమస్కారం పెట్టి, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో చేరినదాన్ని కాబట్టి నాకు అర్థమైనంతే చెప్తాను. మనిషి కంటే ఎత్తైన ఇనప చట్రాలు గది ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిలబడి ఉండేవట. ఒక పక్క వీధుల్లోంచి వచ్చే తీగలు, ఇంకో పక్క యంత్రాలవైపు పోయే తీగలు. మధ్యలో ఈ రెంటినీ కలిపే తీగని జంపరు అంటారు. ఫలానా ఇంటికి ఫలానా నంబరు ఇమ్మని చీటీ వస్తుంది. అమ్మమ్మ జంపరు లాగుతుంది, రెండు కొసలూ నొక్కుతుంది, చీటీ ముల్లుకి గుచ్చుతుంది. మళ్ళీ ఇంకో చీటీ.

తాతయ్య తొందరపడి పైకి పోయాక, మా అమ్మని చంకనేసుకుని వెళ్ళి తెచ్చుకున్న ఉద్యోగం అది. "సన్నటి వేళ్ళు కావాలన్నారు. వేళ్ళు చూసి ఇచ్చారు గానీ మొహం చూసుంటే ఇచ్చేవాళ్ళు కాదు" అని ఆవిడే చెప్పుకుంటుంది. పని మానేసి ఇన్నేళ్ళయినా ఆ వేళ్ళు ఊరుకోవు. వదులుగా ఏ దారం కనపడినా లాగి కట్టెయ్యాల్సిందే. చిన్నప్పుడు నాకు జడేస్తే కనుబొమలు నెత్తికెక్కేవి. బడిలో పంతులమ్మ "ఎందుకే అలా ఆశ్చర్యంగా చూస్తావు?" అని అడిగేది.

ఫ్రేము గదిలో ఇంకో మర్యాద ఉండేది. ఆస్పత్రి, అగ్నిమాపక కేంద్రం లాంటి నంబర్ల దగ్గర తీగ మొన మీద చిన్న ఎర్ర మూత పెట్టేవాళ్ళు. ఎర్ర మూత కనపడితే ఎవరూ ముట్టుకోకూడదు. అది పాడైందంటే మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని బాగుచెయ్యాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అప్పుడప్పుడు తాళాల గుత్తితో ఒక అధికారి దిగేవాడు. ఆయన చేతిలో చీటీ ముల్లుకి గుచ్చేది కాదు, చూపించి జేబులో పెట్టుకునేది. ఆ నంబరు దగ్గర్నుంచి ఇంకో జంపరు లాగి, ఎప్పుడూ తాళం వేసి ఉండే పక్కగదివైపు పంపాలి. ఎవరైనా పొరపాటున పీకేస్తారేమోనని దానికీ ఎర్ర మూతే పెట్టించేవాడు. అలా ఊళ్ళో కొన్ని ఇళ్ళు, వాళ్ళకి తెలియకుండానే ఆస్పత్రులతో సమానమైపోయాయి.

ఇక అద్దాలాయన. మా వీధి మలుపులో అద్దాలు కోసే దుకాణం ఆయనది. ఆయన్ని పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. పొడుగాటి బల్ల, దాని మీద ముతక దుప్పటి, కిరసనాయిల్లో ముంచి పెట్టిన కత్తి. అద్దం మీద ఒక్క గీత గీసి, కింద వేలితో తట్టి, రొట్టె తుంచినట్టు రెండు చేసేస్తాడు. అప్పట్లో దుకాణం పేరు బోర్డు మీద చిన్నగా, ఫోను నంబరు అరచేయంత అంకెలతో ఉండేదట. ఫోనుండటమంటే గుమ్మంలో ఏనుగుని కట్టేసుకున్నంత గొప్పైన రోజులవి.

అమ్మమ్మ రోజూ ఆ బోర్డు కింద నుంచే పనికి వెళ్ళి వచ్చేది. అందుకే ఒక రోజు తాళాల అధికారి చీటీ చూపించగానే నంబరు గుర్తుపట్టేసింది.

"ఇది మా వీధిలో అద్దాలాయనది కదండీ?" అంది.

"ఇది నంబరమ్మా. మనిషి కాదు" అన్నాడాయన.

అమ్మమ్మ స్టూలెక్కింది. టక్. ఎర్ర మూత.

అద్దాలు కోసుకునేవాడితో ప్రభుత్వానికేం పనంటే, పని ఆయన తమ్ముడితో. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. జీతాలు పెంచమని డిపో అంతటినీ కూడగట్టి బస్సులు ఆపించాడు.

ఎర్ర మూత పెట్టి వారం తిరగలేదు, గాలివాన వచ్చింది. స్తంభాలు ఒరిగిపోయాయి, ఊరంతా ఫోన్లు మూగబోయాయి. మూతల మర్యాద ప్రకారం ముందు ఆస్పత్రికి, తర్వాత అగ్నిమాపక కేంద్రానికి, ఆ వెంటనే మా అద్దాలాయనకి లైనొచ్చింది. బాగుచేసిన లైన్‌మన్‌కి కూడా ఎందుకో తెలీదు. ఎర్ర మూత ఉంది, బాగుచేశాడు. అద్దాలాయన గర్వం చూడాలట. "కంపెనీకి మనమంటే అంత గౌరవం మరి" అని మీసం దువ్వాడు. వీధివీధంతా ఆయన దుకాణం ముందు వరసకట్టింది. బిడ్డ పుట్టిందని ఒకళ్ళు, అల్లుడు అలిగాడని ఒకళ్ళు, మామగారికి మందులు దొరకలేదని ఒకళ్ళు, అందరూ ఆ ఒక్క ఫోన్లోనే మొరపెట్టుకున్నారు. ఒక్క చేప కోసం వల వేస్తే చెరువంతా వచ్చి పడింది.

అప్పుడు బళ్ళో చదువుతున్న మా అమ్మ కూడా స్నేహితురాలితో మాట్లాడదామని ఆ వరసలో నుంచుంది. అమ్మమ్మ ఎక్కడి నుంచి చూసిందో, పరుగున వచ్చి, అందరి ముందూ చెంప పగలగొట్టి ఇంటికి ఈడ్చుకుపోయింది. "నేనేం చేశానే?" అని అమ్మ ఏడిస్తే, "ఆ ఫోను ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా" అంది. ఎందుకో చెప్పలేదు. అమ్మ ఇప్పటికీ ఆ దెబ్బ గుర్తొస్తే చెంప తడుముకుంటుంది.

వానలు తగ్గేసరికి సమ్మె ముదిరింది. పోలీసులు వెతుకుతుంటే తమ్ముడు ఎక్కడో దాక్కున్నాడు. ఒక రోజు దుకాణానికి ఫోన్ చేసి, "అన్నయ్యా, రేపు పొద్దున్నే అక్కావాళ్ళింటికి వస్తాను. బావకి చెప్పి ఉంచు" అన్నాడు. ఆ మాట తెలిసింది అన్నకి, బావకి. అంతే. మర్నాడు అక్క గుమ్మంలో కాలు పెట్టకముందే తమ్ముణ్ణి పట్టుకుపోయారు. జైలు నుంచి వచ్చేటప్పుడు దగ్గు వెంటబెట్టుకొచ్చాడు. ఎక్కువ కాలం బతకలేదు.

అన్న చెప్పలేదు కాబట్టి చెప్పింది బావే అని తేలిపోయింది. నడివీధిలో బావ చొక్కా పట్టుకున్నాడు అద్దాలాయన.

"నేను చెప్పలేదురా! నీ తమ్ముడు నాకు కొడుకులాంటివాడు!" అని అరిచాడు బావ.

"నువ్వు చెప్పక ఇంకెవరు చెప్పారు? నా ఫోను చెప్పిందా?"

ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారట. అమ్మమ్మ కూరల సంచీతో అక్కడే నుంచుని ఉంది.

ఆ రోజు నుంచి అద్దాలాయన అక్క ఆయన గడప తొక్కలేదు, ఈయన వాళ్ళ వీధివైపు తిరిగి చూడలేదు. నేను పుట్టాను, పెరిగాను, పరీక్షలు తప్పాను. ఆ రెండు ఇళ్ళ మధ్యా పలకరింపు లేదు.

తర్వాత చాలా ఏళ్ళకి పాత టెలిఫోను భవనం కూలుస్తుంటే తాళం గది బయటపడింది. ఫ్రేము నుంచి ఆ గదిలోకి పోయిన తీగల కట్టలు, ఎర్ర మూతలు, వినే యంత్రాలు పెట్టిన అరలు. పేపర్లో ఫొటోలు వేశారు. ఊరు గగ్గోలెత్తింది. కంపెనీవాళ్ళు తాపీగా, "ప్రభుత్వం అడిగింది, సాయం చేశాం. కాగితాలంటారా, చెదలు తినేశాయి" అన్నారు. మామీద నిఘా పెట్టి, మా మాటలు అమ్ముకున్నవాళ్ళని వదలం అని కొంతమంది కలిసి కంపెనీ మీద దావా వేశారు. వాళ్ళలో అద్దాలాయన ఒకడు. ఆ గదికి పోయిన తీగల్లో ఆయన నంబరు రాసిన బిళ్ళ ఒకటి ఇంకా వేలాడుతూ దొరికింది. కానీ దాని మీద తేదీ లేదు.

నష్టపరిహారం ఎంత అడగమంటారని లాయరు అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడట. "నాకు డబ్బొద్దండీ. తేదీ కావాలి. నా ఫోను ఎప్పట్నుంచి విన్నారు? తమ్ముణ్ణి పట్టుకోకముందా, పట్టుకున్నాకా? ముందైతే మా బావ మంచివాడు. తర్వాతైతే నేను మంచివాణ్ణి. ఆ ఒక్కటి చెప్పించండి చాలు."

లాయరు పాత ఫ్రేము గదివాళ్ళ కోసం వెతికితే మిగిలినవాళ్ళలో చాలామంది తలుపులేసుకున్నారు. మా అమ్మమ్మ ఒక్కతే సాక్ష్యానికి వస్తానంది. కంపెనీలో ఏం చేశామో బయట చెప్పబోమని పని మానేసే రోజు అందరి చేతా సంతకం పెట్టించుకున్నారట. కానీ కోర్టు అడిగితే చెప్పొచ్చు. అమ్మమ్మకి అది దొరికిన సందు. ఎవరో గట్టిగా, అధికారంగా, "నువ్వేనా?" అని అడగాలి. అప్పుడు "నేనే" అనాలి. అంతకంటే ఆవిడకేం అక్కర్లేదు.

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. మంచి చెప్పులు తీసి తుడిచేది, మళ్ళీ పెట్టేది, మళ్ళీ తీసేది. ఆవిడ గొడవ పడలేక నేను పిండి డబ్బా మీద కూర్చుని జడ్జి వేషం వేశాను.

"సాక్షీ! నిజమే చెప్తావా?"

"ముందు కాళ్ళూపడం ఆపు. జడ్జిలు కాళ్ళూపరు."

"కోర్టుని గౌరవించు! ఆ తీగ ఎవరు లాగారు?"

"నేనే."

"ఎవరు లాగమన్నారు?"

"అది తర్వాత అడుగు. ముందు నేనే అన్నది రాసుకో."

"రాసుకున్నాను. శిక్షగా, జడ్జిగారికి టీ పెట్టి తీసుకురా."

"పళ్ళు రాలతాయి" అంది సాక్షి. కానీ టీ పెట్టింది.

కోర్టు రోజు దగ్గరపడుతుండగా రేడియోలో వార్త వచ్చింది. కొత్త చట్టం చేశారట. ప్రభుత్వం అడిగితే సాయపడిన టెలిఫోను కంపెనీల మీద ఎవరూ దావా వెయ్యకూడదు, వేసినవి కూడా చెల్లవు, పాతవైనా సరే. మర్నాడు కంపెనీ లాయరు, మొహంలో ఇంకా పసితనం పోని కుర్రాడు, మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అమ్మా, మీకు శుభవార్త. మీరింక కోర్టుకి రానక్కర్లేదు. కంపెనీకి రక్షణ వచ్చేసింది. మీరు కంపెనీ మనిషే కాబట్టి మీకూ వచ్చినట్టే. తీగ వేసినందుకు మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

"నేనడిగానా?" అంది అమ్మమ్మ.

"ఏమిటండీ?"

"నన్నేమీ అనొద్దని నేనెవర్నైనా అడిగానా?"

కుర్రాడు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

"చట్టం అందరికీ అమ్మా. అడక్కపోయినా వస్తుంది. ఒక్క సంగతి. మీరు అప్పట్లో పెట్టిన సంతకం మాత్రం అలాగే ఉంది. అనవసరంగా బయట మాట్లాడితే పింఛనుకి ఇబ్బంది రావచ్చు. మీ మంచి కోరే చెప్తున్నా."

"అయితే చేసినందుకేమీ లేదు, చెప్తేనే ఉందన్నమాట."

"మీరు మరీ అలా తిప్పి చెప్తే ఎలాగండీ..."

"నేను తిప్పలేదు బాబూ. అది అలాగే పుట్టింది. టీ తాగి వెళ్ళు."

టీ తాగలేదు పాపం.

రానక్కర్లేదన్నా అమ్మమ్మ కోర్టుకి వెళ్ళింది, నన్ను లాక్కుని. అక్కడ బల్లలన్నీ నిండిపోయాయి. మాకు ముందు వరసలో అద్దాలాయన, గడ్డం గీసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మని చూడగానే లేచి చేతులు జోడించాడు.

"కంపెనీలో పనిచేసినవాళ్ళలో మీరొక్కరే మా వైపు నిలబడ్డారు వదినగారూ. ఈ మేలు మర్చిపోను."

అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. అబ్బ, ఆ పట్టు! చెయ్యి జంపరనుకుందేమో.

మా కేసుకి పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. జడ్జిగారు చట్టం పేరు చదివారు, దావా చెల్లదన్నారు, కళ్ళజోడు తీశారు. అమ్మమ్మ లేచి నుంచుంది.

"అయ్యా, నేను సాక్షిని. ఒక్క మాట చెప్పాలి."

"కూర్చోండమ్మా. ఇంక సాక్ష్యం అవసరం లేదు."

"అవసరం ఆయనకి ఉందండీ."

"తర్వాతి కేసు" అన్నారు జడ్జిగారు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే అమ్మమ్మ పట్టుకుని వేలాడేది.

వరండాలో అద్దాలాయన తన లాయరు వెనక నడుస్తూ, "మరి తేదీ? తేదీ ఎవరు చెప్తారు?" అని అడుగుతున్నాడు. లాయరు, "ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదండీ. చట్టం ఒప్పుకోదు" అన్నాడు. అద్దాలాయన సరేనన్నట్టు తలూపి, మెట్ల మీద కూలబడ్డాడు.

ఆ తర్వాతే మా ఇంటికి అద్దాల పీడ పట్టుకుంది. కోర్టు అయిన రెండో రోజున అమ్మమ్మ "ఇప్పుడే వస్తా" అని దుకాణానికి వెళ్ళింది. చెప్పడానికే వెళ్ళింది. ఆయన "రండి వదినగారూ" అని ఎదురొచ్చి ముక్కాలిపీట తుడిచేసరికి, "స్నానాల గదికి ఒక అద్దం కొయ్యండి అన్నయ్యగారూ" అని ఒకటి చంకనపెట్టుకొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. వంటింటికి అద్దం వచ్చింది. తర్వాత తలుపు వెనక్కి, బీరువా పక్కకి, మెట్ల కిందికి. ఇంట్లో ఎటు తిరిగినా అమ్మమ్మే కనపడేది, చేతులు నలుపుకుంటూ. అమ్మ ఒకసారి గిన్నె తోముతూ తలెత్తి, అద్దంలో తన మొహమే చూసి కెవ్వుమంది.

"ఇంకొక్క అద్దం గడప దాటిందంటే నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి. అసలేమైందమ్మా నీకు?"

అప్పుడు చెప్పింది అమ్మకి. మొత్తం. అమ్మ గిన్నె కింద పెట్టి, చెంప మీద చెయ్యి వేసుకుంది. "అయితే ఆ రోజు నన్ను కాపాడావన్నమాట" అంది. మెచ్చుకున్నట్టు లేదు ఆ మాట.

అమ్మమ్మ లేచి చెప్పులేసుకుంది. నేను తోడెళ్ళాను. నేను లేకపోతే ఇంకో అద్దం తెస్తుందని నా భయం.

అద్దాలాయన బల్ల మీద పెద్ద పలక పరిచి కొలుస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఈసారి ఏ సైజు వదినగారూ?"

"సైజేమీ లేదు. మీరు పని చేస్తూ ఉండండి, నేను చెప్తాను."

ఆయన కత్తి తీసి గీత మొదలుపెట్టాడు.

"మీ నంబరుకి తీగ వేసింది నేనే."

"ఏ తీగ?"

"వినే తీగ."

కత్తి ఆగిపోయింది. గీత మధ్యలో ఆగితే ఆ అద్దం ఇంక దేనికీ పనికిరాదు, ఆయనే నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఎందుకు వేశావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఎప్పుడు?"

"గాలివానకి ముందు. ఆ వారమే."

"ముందా?"

"మీ ఫోను అందరికంటే ముందు బాగైంది చూడండి, అది కంపెనీ గౌరవం కాదు. వినే తీగ ఉన్న నంబరుకి ఎర్ర మూత పెడతాం. మూత ఉన్నవి ముందు బాగుచేస్తారు. మూత కూడా నేనే పెట్టాను."

ఫోను ముందు బాగైన కథ ఆ వీధిలో ఆయన చెప్పని మనిషి లేడు. నాకే వందసార్లు చెప్పుంటాడు. ఇప్పుడు ఆ కథే తిరగబడి రెండో వైపు కనపడినట్టుంది. మెల్లగా అన్నాడు:

"తమ్ముణ్ణి పట్టుకుంది వానలు తగ్గాక."

"అవును."

"అయితే బావ..."

"మీ బావ చెప్పలేదు. నడివీధిలో మీరు ఆయన చొక్కా పట్టుకున్న రోజు నేనక్కడే ఉన్నాను."

"ఉండి?"

"ఇంటికి పోయి వంట చేసుకున్నాను."

ఏదో సర్దుదామని, "అప్పుడు అమ్మమ్మకి ఉద్యోగం పోతే మరి, చిన్నపిల్లతో..." అని మొదలుపెట్టాను.

"నువ్వు నోర్మూసుకో" అంది అమ్మమ్మ, నా వంక చూడకుండానే. "ఉద్యోగం సంగతి కాదన్నయ్యగారూ. ఆ ఫోన్లో మాట్లాడొద్దని మా పిల్లని చెంప పగలగొట్టి ఆపాను. మిమ్మల్ని ఆపలేదు. దారిలో వెళ్తూ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు."

అద్దాలాయన కత్తిని కిరసనాయిలు డబ్బాలో పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మా పక్కనుంచే వీధిలోకి దిగాడు. దుకాణం అలా బార్లా వదిలేసి, చెప్పుల్లేకుండా, అక్క వాళ్ళ వీధివైపు నడిచాడు. ముందు మామూలుగా, తర్వాత త్వరగా.

"పదవే పోదాం" అంది అమ్మమ్మ. అడుగు వేసి మళ్ళీ ఆగింది. "ఈ అద్దాలన్నీ ఇలా వదిలేసి ఎలా పోతాం?"

అలా కాపలా కూర్చున్నాం. అమ్మమ్మ కూర్చుంటే కదా! అటు నడుస్తుంది, ఇటు నడుస్తుంది, గుమ్మంలోకి వచ్చి చూస్తుంది, విరిగిన ముక్కలు ఏరి సైజుల వారీగా పేరుస్తుంది. మధ్యలో ఒకాయన ఫొటోకి అద్దం కావాలని వచ్చాడు.

"యజమాని లేడు" అంది.

"ఎప్పుడొస్తాడు?"

"ఆయన అక్క తలుపు తీస్తే ఆలస్యంగా వస్తాడు. తియ్యకపోతే ఇప్పుడే వస్తాడు."

పాపం ఆయన బిక్కమొహం వేసుకుని పోయాడు. ఎండ గుమ్మం దాటి బల్లదాకా వచ్చింది. ఆలస్యమయ్యేకొద్దీ అమ్మమ్మ నడక కాస్త తగ్గింది. అద్దాలాయన తిరిగొచ్చేసరికి కాళ్ళనిండా దుమ్ము. లోపలికి రాకుండా గుమ్మం బయటే నుంచున్నాడు.

"అక్క తలుపు తీసింది. మంచినీళ్ళిచ్చింది. బావ గదిలోంచి రాలేదు. ఉన్నాడు, దగ్గు వినపడింది. తలుపు ఇవతల నుంచుని చెప్పాల్సింది చెప్పాను." "వదినగారూ, మీరింక ఈ దుకాణానికి రావద్దు."

"రాను" అంది అమ్మమ్మ.

కొన్నాళ్ళకి నేను అటు వెళ్తుంటే, దుకాణంలో ముక్కాలిపీట మీద ఒక ముసలాయన దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. ఏమీ మాట్లాడటం లేదు. అద్దాలాయన కూడా మాట్లాడటం లేదు, కోస్తున్నాడు. మధ్యలో పలక జరపాల్సి వస్తే ముసలాయన లేచి రెండో కొస పట్టుకున్నాడు. అమ్మమ్మకి చెప్తే, "ఎలా పట్టుకున్నాడు? జాగ్రత్తగానా?" అని అడిగింది. అవునంటే మళ్ళీ నడక మొదలుపెట్టింది.

వీధిలో మాట దాగదు కదా. కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, ఈసారి కుర్రాడు కాదు. సంతకం, రహస్యం, పింఛను అని ఏకరువు పెట్టాడు. అమ్మమ్మ ఆశగా ముందుకి వంగింది.

"నా మీద కేసు వేస్తారా?"

"అంతదాకా తెచ్చుకోకండమ్మా."

"వెయ్యండి. కోర్టులో అడుగుతారు కదా, నువ్వేం చెప్పావు, ఎవరికి చెప్పావు అని? అంతా చెప్తాను. ఎప్పుడు వేస్తారు? రేపా?"

ఆయన మళ్ళీ రాలేదు. అమ్మమ్మ మాత్రం చాలారోజులు మంచి చెప్పులు గుమ్మం దగ్గరే పెట్టి ఎదురుచూసింది. పింఛను ఇప్పటివరకు వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ఈవిడ మొహం చిట్లించుకుంటుంది.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. మొదటి మాటలకి "అబద్ధాలకోరు" అంది గానీ ఆపమనలేదు. కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే విన్నది. చివర్లో బాగుంటుందని, "ఆయనకి చెప్పేశావు కదా, ఇప్పుడు మనసు తేలికపడిందని రాయనా అమ్మమ్మా?" అని అడిగాను.

"తేలికపడటానికి చెప్పానని నీకెవరన్నారే? ఆయనకి తేదీ కావాలి, నా దగ్గరుంది, ఇచ్చాను. తేలికపడిందని రాశావంటే ఆ కాగితాలు పొయ్యిలో పెడతాను. లే, అవతలికి పో."